ఒక చెట్టు, ఆరు మెగాపిక్సెళ్లు

మొదటి రోజు

అక్కావాళ్ల అటక మీంచి దిగిన కెమెరా ఇది. నికాన్ డీ40. 2006లో వచ్చిన మోడల్. ఆరు మెగాపిక్సెళ్ల సీసీడీ సెన్సర్, వెనక రెండున్నర అంగుళాల తెర, ముందు 18-55 మిల్లీమీటర్ల కిట్ లెన్సు, కెమెరాతో పాటే వచ్చే జూమ్. లెన్సు మూత లేదు. మెడ పట్టీ చివర్లు పీచు లేచాయి.

"దాంతో ఏం చేస్తావురా, నీ ఫోనే నయం కదా" అన్నారు బావ.

"ఒక చెట్టు తీద్దామని బావా."

"ఒక్క చెట్టుకి ఇంత కెమెరానా?"

ఒక్క చెట్టుకే. ఇంటి నుంచి పది నిమిషాలు నడిస్తే వచ్చే పార్కులో, చెరువు గట్టున ఒక మేపుల్ ఉంది. అది పచ్చగా ఉన్నప్పటి నుంచి మోడయ్యేదాకా ఒకే చోట నిలబడి, ఒకే కోణంలో తీస్తూ పోవాలి. చివరికి పన్నెండు ఫోటోలు ఏరి వరసగా గోడకు పెట్టాలి. ప్రాజెక్టు ఇంతే. ఫోనుతో తీయకూడదని ఒక్క నియమం పెట్టుకున్నాను. ఫోను రంగుల్ని తనకు తోచినట్టు వండి వడ్డిస్తుంది. ఈసారి వంట నేనే చేసుకుందామని.

బ్యాటరీ ఛార్జి ఎక్కింది, అదే పదివేలు. 64 జీబీ కార్డు పెడితే మాత్రం కెమెరా మొహం తిప్పేసుకుంది. తప్పు దానిది కాదు, నాది. 64 జీబీ అంటే ఎస్‌డీఎక్స్‌సీ రకం. ఈ కెమెరా ఎరిగినవి పాత ఎస్‌డీ, ఆ తర్వాతి ఎస్‌డీహెచ్‌సీ. ఆ రెండో రకానికి 32 జీబీయే పైహద్దు. సంచి అరలో 2 జీబీ కార్డు ఒకటి దొరికింది. ఫార్మాట్ కొట్టబోయి ఎందుకో ఆగి చూశాను. మేనల్లుడు గోడ పట్టుకుని నిలబడ్డ ఫోటోలు, ఓ యాభై దాకా ఉన్నాయి. వాడిప్పుడు నాకన్నా పొడుగు. అన్నీ కాపీ చేసి అక్కకు పంపాకే కార్డు ఖాళీ చేశాను. రా ఫైళ్లయితే, అంటే కెమెరా వండకుండా సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచేవైతే, ఈ కార్డులో రెండు వందల పైచిలుకు పడతాయి. ఒక చెట్టుకు చాలు.

తెర మీద గడియారం గుర్తు ఒకటి మిణుకుమిణుకుమంటోంది. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

రెండో రోజు

చోటు ఎంచడానికే పొద్దంతా పట్టింది. రోజూ వచ్చి అదే ఫ్రేము కట్టాలంటే గుర్తులు కావాలి. ట్రైపాడ్ ముందు కాలు నడక దారి పలకల మధ్య అతుకు మీద, వెనక కాళ్లు రెండూ గడ్డి అంచున. నడిమి కడ్డీ లేపకూడదు, కాళ్ల గొట్టాలు మొత్తం బయటికి లాగాలి. ఇలా అయితే ఎత్తు కొలిచే పని లేదు. జూమ్ రింగు మీద 35 అన్న అంకె తెల్ల గీతకు ఎదురుగా ఉండాలి.

ఈ కెమెరాలో వెనక తెర మీద చూస్తూ ఫ్రేము కట్టే సదుపాయం లేదు. కన్ను వ్యూఫైండర్‌కు ఆనించాల్సిందే. అందులో గడుల గీతలు కూడా లేవు, మూడు ఫోకస్ చుక్కలు మాత్రం ఉన్నాయి. అవే పనికొచ్చాయి. ఎడమ చుక్క దీపస్తంభం మొదట్లో, మధ్య చుక్క చెట్టు బోదె రెండుగా చీలే చోట, కుడి చుక్క అవతలి గట్టు మీది తెల్ల రాయి మీద. మూడూ కుదిరాయంటే ఫ్రేము కుదిరినట్టే. ఒకసారి ఫోకస్ చేశాక లెన్సు పక్కనున్న మీటను ఎం వైపు జరిపేశాను, మళ్లీ అటూ ఇటూ వెతుక్కోకుండా.

ఎపర్చర్, అంటే లెన్సు లోపలి కన్నం, ఎఫ్/8 (అంకె పెరిగితే కన్నం చిన్నది). ఐఎస్ఓ, అంటే వెలుతురుకు స్పందించే చురుకు, 200. దీని కనిష్ఠ ఐఎస్ఓయే 200. ఈ రోజు చెట్టు పూర్తిగా పచ్చ. ఫోటో చూస్తే ఏముంది, చెట్టు ఉంది.

ఆరో రోజు

కొన కొమ్మల్లో పసుపు తొంగి చూసింది. కొత్తగా వచ్చిన రంగు కాదది. ఎండాకాలమంతా ఆకులోనే ఉంది, పత్రహరితం కింద మరుగున పడి ఉంది. పగళ్లు కురచవుతున్నాయని తెలియగానే చెట్టు పత్రహరితం తయారీ మానేస్తుంది, ఉన్నది విరిగిపోతుంది, అడుగున ఉన్న కెరోటినాయిడ్ల పసుపు పైకి తేలుతుంది. ఎరుపు కథ వేరు. ఆంథోసయనిన్ అనే ఆ ఎర్ర పదార్థాన్ని చాలా చెట్లు ఈ రోజుల్లోనే కొత్తగా తయారు చేసుకుంటాయి, ఆకులో మిగిలిన చక్కెరలతో. పగలు ఎండ బాగా కాసి, రాత్రి గడ్డకట్టనంత చలి ఉంటే ఎరుపు బాగా పండుతుందని అందుకే అంటారు.

ఒకటే ఫ్రేము. గాలి లేదు.

పదో రోజు

రెండు తలనొప్పులు. మొదటిది, పసుపు పసుపులా రావడం లేదు. చెట్టు సగం పసుపెక్కింది, ఫోటోలో మాత్రం పాలిపోయి ఉంది. వైట్ బ్యాలెన్స్, అంటే వెలుతురు రంగును బట్టి తెలుపును తెలుపుగా దిద్దే సెట్టింగు, ఆటోలో వదిలేసిన ఫలితం. ఫ్రేము నిండా పసుపు ఉంటే ఆటో దాన్ని దీపం కాంతి అనుకుని, కాస్త నీలం కలిపి సరిదిద్దబోతుంది. మనం ఏ రంగు కోసం వచ్చామో దాన్నే కడిగేస్తుందన్నమాట. షేడ్ గుర్తుకు మార్చాను. అది 8000 కెల్విన్ల లెక్క, ఎండ గుర్తు 5200. ఈ అంకె పెరిగేకొద్దీ ఫోటో పసుపెక్కుతుంది. ఒక్కసారిగా ఆకులు బంగారం. ఇంకా సంబరం తీరక రంగుల సెట్టింగు కూడా నార్మల్ నుంచి రంగులు ముదురు చేసే వివిడ్‌కు తిప్పాను. చిన్న తెర మీద చూస్తే కళ్లు జిగేలుమన్నాయి.

(ఈ సంబరానికి రెండు రోజుల తర్వాత మూల్యం చెల్లించాను. కింద రాస్తాను.)

రెండోది, కంప్యూటర్లోకి ఎక్కిస్తే ఫోటోలన్నీ ఎప్పటివో పాత తేదీలతో ఉన్నాయి. మొదటి రోజు మిణుకుమన్న గడియారం గుర్తు ఇదే చెప్పబోయింది. కెమెరాలో గడియారానికి వేరే చిన్న బ్యాటరీ ఉంటుంది, అది పెద్ద బ్యాటరీ నుంచే ఛార్జి తీసుకుంటుంది. ఏళ్ల తరబడి పెద్ద బ్యాటరీ లేక అదీ అడుగంటింది. చెట్టుకు దినచర్య రాస్తూ తేదీలే తప్పితే ఇంకేం రాసినట్టు! అదృష్టం ఏమిటంటే బ్యాటరీ వేసిన దగ్గర్నుంచి గడియారం సవ్యంగానే నడుస్తోంది, కాబట్టి అన్ని ఫోటోల్లోనూ తప్పు ఒకే పొడవు. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఫైళ్లన్నిటి తేదీల్నీ ఒకే దెబ్బకు అంతే దూరం ముందుకు జరిపాను. కెమెరాలోనూ సరిచేశాను.

తేదీల గోల తేలాక ఫోల్డరుకు పేరు పెట్టాల్సొచ్చింది. శరత్తు అని రాసి కొట్టేశాను. మనకు శరత్తంటే వెన్నెల, తేటపడ్డ నీళ్లు. ఆకు రాలేది శిశిరంలో, కానీ పంచాంగంలో శిశిరం మాఘ ఫాల్గుణాల మాట. బళ్లో చదివిన ఆకురాలు కాలమే ఖాయం చేశాను. ఉన్నదున్నట్టు చెప్పే పేరు.

పన్నెండో రోజు

చెట్టు కుడి పక్క ఎర్రబడింది. పొద్దున ఏటవాలు ఎండ దాని మీద పడుతుంటే పదిహేను ఫ్రేములు తీశాను. వెనక తెర మీద హిస్టోగ్రామ్, అంటే చీకటి నుంచి వెలుగు దాకా ఏది ఎంతుందో చూపే గ్రాఫు, చూశాను, గుట్ట మధ్యలో బుద్ధిగా కూచుని ఉంది, కుడి గోడకు తగల్లేదు. ఇంటికొచ్చి పెద్ద తెర మీద తెరిస్తే ఆకులు లేవు. ఎర్ర రంగు పూసిన అట్టముక్కలున్నాయి. ఈనెల్లేవు, మడతల్లేవు, ఒక ఆకెక్కడ ముగిసి ఇంకోటెక్కడ మొదలయిందో తెలీదు. ఎర్ర ఛానెల్, అంటే ఫోటోలో ఎరుపు పాలు, అంకె ఎక్కడ చూసినా 255, దాని పైహద్దు.

హద్దు దాటి తెల్లగా పేలిపోతే వెంటనే పట్టుకుంటాం. ఎరుపు పేలిపోతే ఎర్రగానే కనబడుతుంది, అదీ మోసం.

రాత్రి

కారణం తెలిసేదాకా నిద్ర పట్టదని తేలిపోయింది. పార్కు నుంచి తెచ్చిన ఎర్రాకు ఒకటి కిటికీ దగ్గర తెల్ల కాగితం మీద అంటించి, మొన్న తిప్పిన సెట్టింగులే మళ్లీ తిప్పి చూద్దామనుకున్నాను. అప్పటికే చీకటి. బల్ల దీపం కింద పరీక్ష చేస్తే వెలుతురు రంగు వేరు, ఫలితమూ వేరు. పడుకున్నాను.

పదమూడో రోజు

పొద్దున్నే కిటికీ వెలుగులో మొదలుపెట్టాను. ఆకు అదే, చోటు అదే. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే కెమెరా కట్టిన వెలుతురు లెక్కను మనం పెంచే, తగ్గించే అంకె, సున్నా దగ్గర మొదలై మైనస్ 0.3, మైనస్ 0.7, మైనస్ 1, మైనస్ 1.3. తనంతట తానే వరసగా హెచ్చుతగ్గుల్లో తీసే పద్ధతి ఇందులో లేదు, షట్టర్ వెనకున్న బొత్తం నొక్కిపట్టి చక్రం తిప్పుకోవాలి. ఈ అయిదింటినీ నాలుగు రకాలుగా తీశాను: షేడ్‌తో వివిడ్, షేడ్‌తో నార్మల్, ఎండ గుర్తుతో వివిడ్, ఎండ గుర్తుతో నార్మల్. మొత్తం ఇరవై. ప్రతిదీ రా ఫైలు, పక్కన కెమెరా వండిన జేపెగ్.

షేడ్, వివిడ్ కలిసిన చోట సున్నా దగ్గర ఆకు అట్టముక్కే. మైనస్ 0.7 దగ్గర నడిమి ఈనె ఒక్కటి దారంలా లేచింది. మైనస్ 1.3కి గానీ పక్క ఈనెలు కనబడలేదు, అప్పటికి కాగితం మురికి బూడిద రంగుకు దిగింది. అదే ఎండ గుర్తు, నార్మల్‌లో అయితే మైనస్ 0.7కే ఈనెలన్నీ వచ్చాయి. ఆకు అంచున పురుగు కొరికిన చిన్న చిల్లు చుట్టూ గోధుమ రంగు అంచు కూడా తేలింది. అదే ఎక్స్‌పోజర్‌లో, అదే ఆకు మీద, షేడ్ వివిడ్ ఆ చిల్లు అంచును మింగేసింది.

ఇప్పుడు అర్థమైంది. సెన్సర్‌కు పచ్చ కాంతి బాగా అందుతుంది, ఎరుపు అంత అందదు. పగటి వెలుగులో తీసినా ఎర్ర ఛానెల్‌ను దాదాపు రెట్టింపు చేస్తే తప్ప తెలుపు తెలుపుగా రాదు. వైట్ బ్యాలెన్స్ చేసే పని ఈ హెచ్చవేతే. షేడ్ గుర్తు పెడితే హెచ్చవేత ఇంకా పెరుగుతుంది. దాని మీద వివిడ్ మరో గరిటె. సెన్సర్‌లో ఎరుపు నిండలేదు, జేపెగ్ వండేటప్పుడు పొంగిపోయింది. రుజువు కావాలంటే డార్క్‌టేబుల్ అనే ఫోటోలు దిద్దే ప్రోగ్రాంలో రా ఫైలు తెరిచి, సెన్సర్ స్థాయిలోనే పేలిన చోట్లు చూపించే హెచ్చరిక నొక్కాను. ఆకు మీద ఒక్క చుక్క లేదు. నిన్నటి పదిహేను ఫ్రేములకూ రా ఫైళ్లున్నాయి. చచ్చి బతికాను.

మరి హిస్టోగ్రామ్ ఎందుకు చెప్పలేదు? ఈ కెమెరా చూపించేది ఒక్కటే గ్రాఫు, మొత్తం వెలుతురుది. ఎరుపు, పచ్చ, నీలం విడివిడిగా చూపించదు. వెలుతురును అంచనా కట్టే మామూలు లెక్కలో పచ్చ వాటా దాదాపు 59 శాతం, ఎరుపు 30, నీలం 11. ఆకులో పచ్చ, నీలం దాదాపు సున్నా. కాబట్టి ఎరుపు నిండుకుండలా పొంగుతున్నా మొత్తం లెక్కలో అది మూడో వంతు కూడా కాదు, గుట్ట హాయిగా మధ్యలోనే కూచుంటుంది.

ఇకపై సెట్టింగులు ఇవి: ఎండ గుర్తు, నార్మల్, రా. ఎరుపు మీద ఎండ పడితే మైనస్ 0.7 నుంచి మైనస్ 1. బంగారం కావాలంటే ఇంటికొచ్చాక రా ఫైలులో పోసుకుంటాను.

బావకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంతా విని, "అందుకేనన్నమాట, మీ అక్క ఎర్ర చీర కట్టిన ఫోటోలన్నీ అలా వచ్చాయి. ఇన్నేళ్లూ చీరని తిట్టాను" అన్నారు.

పదిహేనో రోజు

మరో పరువు తక్కువ సంగతి. రెండు వారాలుగా నేను మేపుల్ అంటున్నది మేపుల్ కాదు.

ఆకు చూసి అలా అనుకున్నాను, అయిదు కోణాల నక్షత్రంలా ఉంది కదా అని. ఈ రోజు రాలిన రెమ్మ ఒకటి చేతికి దొరికింది. మేపుల్‌కైతే ఆకులు రెమ్మకు ఎదురెదురుగా జంటలుగా పుడతాయి. ఇందులో ఒకటి ఇటు, పై మెట్టున ఒకటి అటు. నలిపితే జిగురు వాసన, ఘాటుగా, బాగుంది. చెట్టు కింద ముళ్ల బంతుల్లాంటి కాయలు రాలి ఉన్నాయి, రోజూ వాటి మీదే నడుస్తున్నాను. స్వీట్‌గమ్ ఇది. వృక్షశాస్త్రం పేరు లిక్విడాంబర్.

తప్పు నాకు కలిసొచ్చింది. స్వీట్‌గమ్ ఒకే కొమ్మ మీద పసుపు, నారింజ, ఎరుపు, కాస్త ఊదా కూడా చూపిస్తుంది. నా పన్నెండు ఫోటోల వరస ఒక రంగు నుంచి ఇంకో రంగుకు దూకకుండా నెమ్మదిగా జారుతుంది.

కింద ఏరిన ఆకుల్లో ఒకటి దాచుకున్నాను. ఎర్రాకు, దాని మీద ఇంకో ఆకు కొన ఆకారంలో పసుపు మచ్చ, అంచులు కత్తిరించినట్టు. మీద వాలిన ఆకు నీడ పడ్డ మేర ఎరుపు తయారు కాలేదు, అడుగు పసుపే మిగిలింది. ఎండ తగిలిన చోటే ఎరుపు అనే మాటకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి. చెట్టు కుడి పక్కే ముందు ఎందుకు ఎర్రబడిందో కూడా తెలిసింది. అటే ఎండ.

పద్దెనిమిదో రోజు

రాత్రంతా వాన, పొద్దున మబ్బు. ఇలాంటి రోజు కోసమే కాచుక్కూచున్నాను. ఎండ లేకపోతే నీడలు మెత్తగా ఉంటాయి, తడిసిన బోదె నల్లబడి ఆకుల రంగుకు వెనక తెరలా నిలుస్తుంది. తీరా చూస్తే ఆకులన్నిటి మీదా తెల్లని పొర. ఆకుకు పైన మైనం పూత ఉంటుంది, దాని మీద నీటి పొర, ఆ రెండిట్లో మబ్బు ఆకాశం ప్రతిఫలిస్తోంది. రంగు ఉంది, దాని మీద ఆకాశం పరుచుకుని ఉంది.

పోలరైజర్ తీశాను, లెన్సు ముందు బిగించి తిప్పితే ప్రతిబింబాల మెరుపు తగ్గించే ఫిల్టరు. 52 మిల్లీమీటర్లది, సర్క్యులర్ రకం. లీనియర్ రకమైతే ఇలాంటి అద్దం కెమెరాల్లో వెలుతురు కొలిచే మీటరింగు, ఆటోఫోకస్ తికమక పడతాయి. ఈ కిట్ లెన్సుతో ఒక తంటా ఉంది, ఫోకస్ చేస్తుంటే ముందు గాజు కూడా తిరుగుతుంది. పోలరైజర్ ముందే కుదిర్చి ఆ తర్వాత ఫోకస్ చేస్తే కుదిర్చిందంతా పోతుంది. ఫోకస్ ముందు, పోలరైజర్ తర్వాత. నా ఫోకస్ ఎలాగూ రెండో రోజు నుంచి కదల్లేదు.

వ్యూఫైండర్‌లో చూస్తూ రింగు మెల్లగా తిప్పాను. ఒక చోట ఆకుల మీది పొర తుడిచినట్టు పోయింది, కింద నుంచి నారింజ, ఎరుపు లేచాయి. అబ్బా అనుకునేలోపు చెరువు కూడా మాయమైంది. నీళ్లలో తలకిందులుగా ఉన్న చెట్టు నీడ పోయి, అడుగు బురద కనబడుతోంది. అవును మరి, అదీ ప్రతిబింబమే. నీటి మీద నిట్టనిలువు నుంచి 53 డిగ్రీల వాలులో చూస్తే పోలరైజర్ దెబ్బ గట్టిగా తగులుతుంది, నా కెమెరా నుంచి చెరువు దగ్గరి అంచు ఆ దరిదాపుల్లోనే ఉంది. ఆకు కావాలా, నీడ కావాలా అన్నది బేరం. రింగు సగం వెనక్కి తిప్పి ఆగాను. ఆకుల మీద కాస్త మెరుపు మిగిలింది, నీళ్లలో చెట్టు మసగ్గా నిలిచింది. షట్టర్ వేగం 1/125 సెకను నుంచి 1/40కి దిగింది. ట్రైపాడ్ ఉంది కాబట్టి బెంగ లేదు.

మూడు వారాల్లో ఇదే మంచి ఫ్రేము.

ఇరవై ఒకటో రోజు

ఎఫ్/16 పెట్టి చూద్దామనిపించింది, దగ్గరి గడ్డి నుంచి అవతలి గట్టు దాకా పదునుగా వస్తుందేమోనని. వచ్చింది. ఆకాశంలో ఏడు నల్ల మచ్చలు కూడా వచ్చాయి. సెన్సర్ మీది దుమ్ము. ఎఫ్/8 దగ్గర చెదిరిపోయి కనబడనివి ఎపర్చర్ మూసేకొద్దీ గట్టిపడతాయి. సెన్సర్‌ను దులుపుకునే ఏర్పాటు ఈ కెమెరాలో లేదు.

మెనూలో అద్దాన్ని పైకెత్తి ఉంచే ఎంపిక ఉంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే చేయాలి, మధ్యలో అద్దం వచ్చి పడితే అంతే సంగతులు. కెమెరాను బోర్లా పట్టుకుని రబ్బరు బ్లోయర్‌తో నాలుగు ఊదులు ఊదాను. నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది. డబ్బాల్లో వచ్చే గాలి కూడా వద్దు, అందులోంచి ద్రవం చిమ్మే ప్రమాదం ఉంది. ఏడింట్లో అయిదు పోయాయి, ఒకటి చోటు మారింది, ఒకటి కదల్లేదు. మళ్లీ ఎఫ్/8కి వచ్చేశాను.

ఇరవై ఆరో రోజు

తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంది. బ్యాటరీ గుర్తు నిండుగా చూపిస్తూనే ఉంది, మూడో ఫ్రేముకు ఖాళీ అంది. చలికి లిథియం బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది, అందులోనూ ఇది ముసలిది. తీసి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని రెండు చుట్లు నడిచాను. మళ్లీ వేస్తే పది ఫ్రేములు ఇచ్చింది.

ఆ రెండు చుట్ల నడకలో ఒక నష్టం కనబడింది. పార్కు అవతలి గేటు దగ్గర ఒక గింకో చెట్టు ఉంది. నిన్న సాయంత్రం నిలువెల్లా పసుపు, ఒక్క ఆకు తక్కువ లేదు. ఈ వేళ చూస్తే చెట్టు ఖాళీ, కింద పసుపు తివాచీ. గట్టి మంచు కురిసిన రాత్రి తర్వాత గింకో ఆకులన్నీ ఒక్కసారే వదిలేస్తుందని చదివాను. చదివి, రేపు తీద్దాం అనుకున్నాను. అటుగా వెళ్లినవాళ్లు తివాచీ తొక్కకముందే వంగి నాలుగు ఫ్రేములు తీసుకున్నాను గానీ, అవి చెట్టు ఫోటోలు కావు.

ముప్పయ్యో రోజు

గాలి. 1/250 పెట్టినా కొన ఆకులు చెదిరాయి. ఐఎస్ఓ 800కి పెంచాను, నలుసులు కనిపిస్తాయి కానీ ఓర్చుకోవచ్చు. విసుగొచ్చి దారి మార్చాను. ఐఎస్ఓ 200, ఎఫ్/16, మబ్బులో షట్టర్ 1/4 సెకనుకు దిగింది. బోదె కదల్లేదు, ఎరుపంతా దాని చుట్టూ కలయబెట్టినట్టు వచ్చింది. వరసలో దీనికి చోటుందో లేదో తెలీదు, కానీ తీసేయబుద్ధి కాలేదు.

ముప్పై అయిదో రోజు

రాలడం మొదలైంది. కాడ మొదట్లో ఒక పొర కట్టుకుని, చెట్టు ఆకును తానే వదిలించుకుంటుంది. రాలిన చోట కొమ్మ మీద చిన్న మచ్చ. ఎండ ఎదురుగా ఉన్న ఒకే ఒక్క ఆకును 55 దగ్గర పట్టాను. వెలుతురు ఆకులోంచి దూరి వస్తోంది, ఈనెలు లోపల నల్ల దారాల్లా ఉన్నాయి. మామూలు మీటరింగు వెనక ఆకాశం చూసి ఆకును నల్లగా చేసింది. స్పాట్‌కు మార్చాను, అది ఫ్రేములో రెండున్నర శాతాన్నే చూస్తుంది. పసుపు ఆకైతే ప్లస్ 1 ఇవ్వాలి, లేకపోతే బూడిద కలిసినట్టుంటుంది. ఎర్రాకైతే సున్నా, ఇంకా తక్కువ కూడా. పక్కపక్కనే ఉన్న రెండాకులకు రెండు లెక్కలు.

నలభై మూడో రోజు

ప్రింట్లకు ఫోటోలు ఏరాను. 3008 బై 2000 పిక్సెళ్లు, అంగుళానికి 250 చొప్పున వేస్తే 12 బై 8 అంగుళాలు. గోడకు సరిపోతుంది. తెర మీద ఎంత ఎరుపున్నా కాగితం మీద సిరాకు ఓ హద్దుంది. పన్నెండో రోజు ఫ్రేమును రా ఫైలు నుంచి మళ్లీ వండి, ఎరుపు సాంద్రత తగ్గిస్తే ఈనెలు కాగితం మీదికొచ్చాయి. తగ్గించకుండా వేసిన నమూనా ప్రింటులో మళ్లీ అట్టముక్కలే. పదకొండు కుదిరాయి. పన్నెండోది ఇంకా చెట్టు మీదే ఉంది, ఓ ఇరవై ఆకులు.

నలభై ఏడో రోజు

మోడు. ముళ్ల బంతులు మాత్రం కొమ్మలకు వేలాడుతున్నాయి, ఆకాశం మీద చుక్కలు పెట్టినట్టు. మూడు చుక్కలూ గుర్తుల మీద కుదిర్చి నొక్కాను. తెర చూస్తే చీకటి. సాయంత్రంలా ఉంది, చూస్తే పొద్దున తొమ్మిది. కొమ్మలన్నీ నల్లగా అతుక్కుపోయాయి.

అయిదారు నిమిషాలు బుర్ర గోక్కున్నాక కనబడింది, మైనస్ 1. ఎర్రాకుల కోసం పెట్టింది. కెమెరా ఆపినా, మళ్లీ వేసినా ఆ అంకె అలాగే ఉంటుంది, తీసే దాకా. కాపాడుకోవడానికి ఎరుపు ఎక్కడుందిప్పుడు!

బొత్తం నొక్కిపట్టి చక్రం మూడు క్లిక్కులు తిప్పాను. సున్నా. మళ్లీ నొక్కాను. బోదె మీద బెరడు పగుళ్లు, చెరువులో కొమ్మల నీడ, అవతలి గట్టు మీద తెల్ల రాయి. కార్డులో ఇంకా తొమ్మిది ఫ్రేములకు చోటుంది.